మండక ముందు మాడాలి

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో కత్తులకు సాన పట్టే మనిషిని కాసేపు నిలబడి చూడండి. సైకిల్‌కి స్టాండు వేసి, సీటు మీద కూర్చుని పెడల్ తొక్కుతుంటాడు. హ్యాండిల్ దగ్గర బిగించిన సానరాయి గిర్రున తిరుగుతుంది. బెంగాలీ ఇంటి బొటీ అయినా మన ఇంటి కత్తిపీట అయినా, అంచు ఆనించగానే నారింజ రంగు రవ్వలు చిమ్ముతాయి. అవి అతని చొక్కా చేతుల మీద, లుంగీ మీద, చుట్టూ మూగిన పిల్లల అరచేతుల మీద పడతాయి. పిల్లలు కితకితలు పెట్టినట్టు నవ్వుతారు. చొక్కాకి చిల్లు కూడా పడదు.

ఆ రవ్వ ఒక్కొక్కటీ గాలిలో కాలుతున్న ఇనుము. దాని ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అంత వేడి రవ్వ ఒక పాత నూలు చొక్కాను ఏమీ చేయలేకపోయింది. అదే నూలు గుడ్డను ముందుగా ఒక రేకు డబ్బాలో పెట్టి మాడ్చి ఉంచితే కథ మారిపోతుంది. దాని మీద ఒక్క రవ్వ పడితే చాలు, ఎర్రటి చుక్క పుడుతుంది. అది సన్నని గీతగా మారి, మెల్లగా పాకుతూ, గుడ్డనంతా తినేస్తుంది. ఊదితే ఇంకా ఎర్రబడుతుంది.

అగ్గిపుల్ల రాకముందు ఐరోపా ఇళ్ళలో వందల ఏళ్ళు పొయ్యి వెలిగింది ఇలాంటి మాడ్చిన నార గుడ్డ, నూలు గుడ్డల వల్లనే. మన పల్లెల్లో గుడ్డ బదులు దూది, బెండు, చెట్టు నూగు ఆ పని చేశాయి. వస్తువు ఏదైనా లోపల జరిగేది ఒకటే. రవ్వకి లొంగని గుడ్డ మాడ్చగానే ఎందుకు లొంగుతుంది?

మూడు క్రియాపదాలు

జవాబు మన ఇంటి మాటల్లోనే ఉంది. నిప్పు గురించి తెలుగులో మూడు మాటలు విడివిడిగా వాడతాం: మాడడం, రాజుకోవడం, మండడం. అడుగంటిన అన్నాన్ని మాడింది అంటాం, మండింది అనం. బొగ్గుల కుంపటి రాజుకుంది అంటాం. చితుకులు మండుతున్నాయి అంటాం. బడి ముఖం చూడని అమ్మమ్మ కూడా ఈ మూడింటినీ ఎప్పుడూ కలిపేయలేదు. రసాయన శాస్త్రం కూడా కలపదు.

మాడడం అంటే గాలి అందని చోట, వేడికి పదార్థం విడిపోవడం. గిన్నె అడుగున మెతుకు మీద మెతుకు పేరుకుని ఉంటుంది. అక్కడికి గాలి చేరదు, సెగ మాత్రం తగులుతూనే ఉంటుంది. పిండిపదార్థంలోంచి నీరూ రకరకాల ఆవిరులూ లేచిపోయి నల్లటి బొగ్గు మిగులుతుంది. ఇదే తాప విచ్ఛేదన, ఇంజనీర్ల మాటలో పైరాలసిస్. రాజుకోవడం అంటే ఆ బొగ్గు ఒంటి మీదనే ఆక్సిజన్ వచ్చి కలవడం. మంట కనిపించదు, కణకణలాడే ఎరుపూ సెగా ఉంటాయి. మండడం అంటే వేడెక్కిన కట్టెలోంచో గుడ్డలోంచో వెలువడిన వాయువులు గాలిలో కాలడం. మనం మంట అని చూసేది ఆ వాయువులనే.

మామూలు గుడ్డ మీద రవ్వ పడినప్పుడు అది ముందు గుడ్డలోని తేమను ఆవిరి చేయాలి. ఆరిన గుడ్డని మాడ్చాలి. మాడిన చోటుని రాజేయాలి. ఈ మూడు పనులకీ సరిపడా సరుకు రవ్వ దగ్గర లేదు. మొదటి రెండు పనులూ మనం తీరిగ్గా ముందురోజే చేసి పెడితే, రవ్వకి మిగిలేది మూడోదే. మాడ్చిన గుడ్డ అంటే సగం పని చేసి, ఆపి, దాచుకున్న నిప్పు.

ఇంజను వెలిగించిన ఊరు

ఈ సంగతి చెప్పడానికి ఖరగ్‌పూర్ కన్నా తగిన ఊరు లేదు. ఇది రైలు కట్టిన ఊరు. అందరి నోటా బీఎన్‌ఆర్‌గా నలిగిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పంతొమ్మిదో శతాబ్దం చివర ఇక్కడ జంక్షన్ పెట్టింది. వెంబడే పెద్ద వర్క్‌షాపు వెలిసింది. ఆ కంపెనీ లైను దక్షిణాన వాల్తేరు దాకా సాగేది. ఆ పట్టాల వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్ళు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా ఇక్కడికి చేరారు. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడి పేరు మారింది, మనుషులు మారలేదు. నిమ్‌పురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధుల్లో తరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉంది.

ఆవిరి ఇంజన్ల రోజుల్లో చల్లారిన ఇంజనుని మళ్ళీ వెలిగించడం పెద్ద తతంగం. బొగ్గుకి అగ్గిపుల్ల చూపిస్తే అంటుకోదు. నూనెలో తడిపిన కాటన్ వేస్ట్ ముందు అంటించాలి. దాని మీద చెక్కపేళ్ళు, పేళ్ళు అందుకున్నాక సన్న బొగ్గు, ఆ తర్వాతే పెద్ద బొగ్గు. బాయిలర్‌లో స్టీము లేవడానికి గంటలు పట్టేది. చిన్న నిప్పు నుంచి పెద్ద నిప్పుకి మెట్లు కట్టుకుంటూ పోవాలన్నది షెడ్డులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. టన్నుల బరువున్న ఇంజనుకైనా పిడికెడు నూలు పోగులే మొదటి మెట్టు.

మొదటి రైలు కథ కూడా ఇలాగే మొదలైంది. ఇంగ్లండులో స్టాక్‌టన్ - డార్లింగ్టన్ రైల్వే 1825 సెప్టెంబర్ 27న మొదలైంది. ఆవిరి ఇంజనుతో నడిచిన తొలి ప్రజా రైలుమార్గం అదే. అంతకు కొద్ది రోజుల ముందు జార్జ్ స్టీఫెన్సన్ కార్ఖానాలో తయారైన లోకోమోషన్ ఇంజనుని పట్టాల మీదికి ఎక్కించారు. బాయిలర్‌లో నీళ్ళు పోశారు, కట్టెలు పేర్చారు, తీరా చూస్తే వెలిగించడానికి నిప్పు లేదు. లాంతరు తెమ్మని ఒకణ్ణి పరుగెత్తించబోతుంటే, పైపు వెలిగించుకోవడానికి జేబులో బూతద్దం పెట్టుకు తిరిగే రాబర్ట్ మెట్‌కాఫ్ అనే కూలీ ముందుకొచ్చాడట. తారు పట్టిన తాడు పీచు మీద ఎండని కేంద్రీకరించి ఇంజను రాజేశాడని చెప్పుకుంటారు. ఆ తాడు పీచు చేసిందీ మన గుడ్డ చేసే పనే.

అదే స్టాక్‌టన్‌లో మందుల షాపు నడిపిన జాన్ వాకర్ గీస్తే వెలిగే అగ్గిపుల్లని కనిపెట్టాడు. 1827 ఏప్రిల్ 7న తొలి అమ్మకం ఆయన ఖాతాపుస్తకంలో ఉంది. రైలూ అగ్గిపుల్లా రెండేళ్ళ తేడాతో ఒకే ఊరి నుంచి లోకంలోకి వచ్చాయి. రైలు తన దారిన తాను పోయింది. అగ్గిపుల్ల మాత్రం మాడ్చిన గుడ్డ డబ్బాలని అటకల మీదికి ఎక్కించింది.

పాలిష్ డబ్బా, పాత పంచె

ఇప్పుడు చేసి చూద్దాం. కావలసినవి ఒక ఖాళీ బూట్ పాలిష్ డబ్బా, ఒక పాత పంచె, బొగ్గుల కుంపటి. డబ్బాకి రంగు పూసి ఉంటుంది కాబట్టి ముందు ఖాళీ డబ్బానే నిప్పుల మీద పెట్టి ఆ రంగంతా మాడి పోయేదాకా ఉంచాలి. చల్లారాక మూత మధ్యలో సన్న మేకుతో ఒకే ఒక చిల్లు పొడవాలి.

గుడ్డ అచ్చమైన నూలు అయి తీరాలి. పొందూరు ఖద్దరు పంచె పాతబడి చీలికలు పేలికలైతే అంతకన్నా మంచి సరుకు లేదు. బెంగాలీ గమ్ఛా అయినా సరే. టెరికాటన్, పాలియెస్టర్ పనికిరావు. అనుమానం ఉంటే ఒక దారం లాగి అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వేసి, వేళ్ళ మధ్య నలిగే మెత్తటి బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి, ముడుచుకుని, చల్లారాక గట్టి పూసలా చేతికి తగులుతుంది. కరిగిన ప్లాస్టిక్ నూలు పోగుల మధ్య ఖాళీలని పూడ్చేస్తుంది. అప్పుడు ఎంత మాడ్చినా గాలి ఆడదు.

గుడ్డని రెండంగుళాల ముక్కలుగా కత్తిరించి, డబ్బాలో వదులుగా పేర్చి, మూత పెట్టి నిప్పుల మీద ఉంచాలి. రెండు మూడు నిమిషాలకి చిల్లులోంచి తెల్లటి పొగ సన్నగా లేస్తుంది. కమురు కంపు కొడుతుంది. పొగ చిక్కబడ్డాక దానికి అగ్గిపుల్ల చూపిస్తే చిల్లు మీద వత్తి దీపంలా చిన్న మంట నిలుస్తుంది. లోపల గుడ్డ మండడం లేదు, దాంట్లోంచి వచ్చిన వాయువు బయట మండుతోంది. మాడడానికీ మండడానికీ తేడా అరంగుళం దూరంలో పక్కపక్కనే కనిపించే చోటు ఇది.

కాసేపటికి మంట ఆరిపోయి పొగ నిలిచిపోతుంది. పోవలసినవన్నీ పోయాయన్నమాట. డబ్బాని పట్టకారుతో దించి, చిల్లులో మేకు దూర్చి మూసేయాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. మొదటిసారి నేను పెరట్లో చేసినప్పుడు, ఎలా వచ్చిందో చూద్దామని వేడి డబ్బా మూత తీశాను. నల్లగా నిగనిగలాడుతున్న గుడ్డ కళ్ళెదుటే అంచుల నుంచి ఎర్రబడి, అర నిమిషంలో తెల్ల బూడిద అయిపోయింది. ఇంకా వేడిగా ఉన్న బొగ్గుకి గాలి తగిలితే రవ్వ కూడా అక్కర్లేదు. డబ్బా చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా మూత ముట్టుకోకూడదు.

బాగా కుదిరిన గుడ్డ అంతటా ఒకే నలుపుగా, దూది పింజంత తేలిగ్గా ఉంటుంది. నేత పోగులు అలాగే కనిపిస్తాయి. మెల్లగా లాగితే చిరుగుతుంది కానీ పొడి రాలిపోదు. గోధుమ రంగు మచ్చలుంటే ఇంకా మాడాలి, మళ్ళీ నిప్పుల మీద పెట్టొచ్చు. ముట్టుకుంటే పొడి అయిపోతే వేడి మితిమీరింది, దాన్ని బాగుచేయలేం.

గుడ్డలో ఏం పోయింది, ఏం మిగిలింది

నూలు దాదాపు మొత్తం సెల్యులోజ్. ఆ గొలుసులోని ఒక్కో లంకెలో బరువు ప్రకారం 162 వంతులు తీసుకుంటే 72 వంతులు కార్బన్, 10 వంతులు హైడ్రోజన్, 80 వంతులు ఆక్సిజన్. హైడ్రోజన్, ఆక్సిజన్‌లు అచ్చంగా నీరు కావడానికి కావలసిన పాళ్ళలోనే ఉన్నాయి. అవి నీరుగా పోతే బరువులో 44 శాతం కార్బన్ మిగలాలి. కానీ 300 నుంచి 400 డిగ్రీల మధ్య గొలుసులు తెగుతున్నప్పుడు కొంత కార్బన్ కూడా తారుగా, కార్బన్ మోనాక్సైడ్‌గా, ఇతర వాయువులుగా ఎగిరిపోతుంది. కాబట్టి చేతికి మిగిలేది మొదటి బరువులో నాలుగో వంతు కన్నా తక్కువే.

బరువు పోయినా ఆకారం పోలేదు. నూలు పోగు గట్టి తీగ కాదు. కాయ పగిలి ఎండినప్పుడు అణిగిపోయి మెలితిరిగిన సన్న గొట్టం అది. వెడల్పు మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది, అంతకన్నా తక్కువైనా ఉంటుంది. మాడాక ఆ గొట్టాలన్నీ గాలి ఆడే బొగ్గు గొట్టాలుగా మిగులుతాయి. ఇంత సన్నటి పోగుని వేడెక్కించడానికి చాలా తక్కువ సెగ చాలు. పోగుకీ పోగుకీ మధ్య ఉన్న గాలి ఆ సెగని పక్కకి పోనివ్వదు. ఆక్సిజన్ అన్ని వైపుల నుంచీ అందుతుంది. ఒక పోగు ఎర్రబడితే ఆ వేడికి పక్క పోగు, దాని వేడికి మరోటి. అంటుకున్నాక ఆగకపోవడానికి కారణం ఇదే.

మాడ్చే వేడికి కూడా ఒక పాకం ఉంది. ముదురు పాకం పనికిరాదు. వేడి పెరిగే కొద్దీ కార్బన్ పరమాణువులు ఒద్దికగా వరసల్లో సర్దుకుంటాయి, ఆక్సిజన్‌తో కలవడానికి అంత చొరవ చూపవు. లేత మాడులో ఇంకా తెగిన కొసలు, అసంపూర్తి బంధాలు మిగిలి ఉంటాయి, అక్కడ ఆక్సిజన్ ఇట్టే పట్టుకుంటుంది. గుడ్డలోని పొటాషియం లవణాలు కూడా రాజుకోవడానికి సాయం చేస్తాయి. ఐరోపాలో చెట్టు పుట్టగొడుగుని ఇదే పనికి వాడేవాళ్ళు దాన్ని సూరేకారపు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టేవారు. సూరేకారం అంటే పొటాషియం నైట్రేట్. ఈస్టిండియా కంపెనీ బీహార్, బెంగాల్‌ల నుంచి ఓడలకెత్తిన సరుకుల్లో అదొకటి.

రవ్వ ఎవరిది? రాయిదా, ఉక్కుదా?

ఇక రవ్వ సంగతి. రెండు రాళ్ళు కొడితే నిప్పు పుడుతుందని సినిమాల్లో చూపిస్తారు. రెండు పలుగురాళ్ళు చీకట్లో రుద్దండి. లోపల లేత వెలుగు మెరుస్తుంది, బాగుంటుంది. ఆ మెరుపు గుడ్డని రాజేయదు. మన గుడ్డ రాజుకోవాలంటే ఒకటి రాయి, రెండోది ఉక్కు కావాలి.

చెకుముకి రాయి ఉక్కు కన్నా గట్టిది. పదును అంచుతో ఉక్కుని గీరితే కంటికి కనిపించని రజను లేస్తుంది. గీరిన రాపిడికి వేడెక్కి ఉన్న ఆ రజను గాలిలో తుప్పు పడుతుంది. మామూలుగా వర్షాకాలమంతా పట్టే తుప్పు ఇక్కడ క్షణంలో పట్టేస్తుంది, ఆ వేడికే రజను తెల్లగా కాగుతుంది. రవ్వ ఉక్కుది. రాయి ఇక్కడ చెక్కే ఉలి మాత్రమే. పదునైన పలుగురాయి అంచు కూడా ఆ పని చేస్తుంది.

ఉక్కులో కార్బన్ ఎక్కువుండాలి, నీళ్ళు పోసి గట్టిపరచిన ఉక్కు అయి ఉండాలి. వర్క్‌షాపులో పాత ఆకురాయిని పారేయకుండా ఇంటికి తెచ్చుకునే మనిషికి ఈ ముడిసరుకు కొరత లేదు. ఆకురాయి ఉక్కులో కార్బన్ ఒక శాతం దాటుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాతో ఎంత కొట్టినా లాభం లేదు, దానిలోని క్రోమియం తుప్పుని ఆపేస్తుంది. ఈ తేడా మెకానిక్‌ల కంటికి తెలుసు. ముక్క ఏ ఉక్కుదో తెలియకపోతే గ్రైండింగ్ చక్రానికి ఆనించి రవ్వలు చూస్తారు. మెత్తని ఇనుము రవ్వలు పొడుగాటి గీతలుగా పోతాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు చివర్లో కాకరపువ్వొత్తిలా చిట్లి చుక్కలవుతాయి. కరిగిన చుక్కలో కార్బన్ వాయువుగా మారి లోపలి నుంచి పగలగొట్టడమే ఆ చిట్లడం.

అంత వేడి రవ్వ చొక్కాని ఎందుకు కాల్చదో ఇప్పుడు లెక్క చూడొచ్చు. మిల్లీమీటరులో పదో వంతు ఉన్న ఇనుప రవ్వ బరువు గ్రాములో రెండు లక్షల యాభై వేలవ వంతు. అది మొత్తం కాలిపోయినా వచ్చే సెగ ఒక నీటి చుక్కని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి చాలదు. పోపులోంచి ఎగిరిన ఆవగింజ చేతి మీద పడితే చురుక్కుమని ఊరుకుంటుంది. దానికన్నా తక్కువ వేడి గల గంజి గిన్నె ఒలికితే చర్మం ఊడివస్తుంది. ఎంత వేడి అన్నది ఒక లెక్క, ఎంత సెగ ఉంది అన్నది వేరే లెక్క. రవ్వకి మొదటిది ఉంది, రెండోది లేదు. మామూలు గుడ్డలో గాలి తేమని బట్టి వంద గ్రాములకి ఎనిమిది గ్రాముల దాకా నీరుంటుంది. రవ్వ ఆ నీటి దగ్గరే ఓడిపోతుంది.

రవ్వ నుంచి మంట దాకా

రాయిని ఎడమచేతిలో పట్టుకుని, దాని పదును అంచు మీద మాడ్చిన గుడ్డ ముక్కని బొటనవేలితో అదిమి పట్టాలి. ఉక్కుతో పై నుంచి కిందికి గీరినట్టు కొట్టాలి. నాలుగైదు దెబ్బల్లో గుడ్డ మీద గసగస గింజంత ఎరుపు కనిపిస్తుంది. కనిపించిందా, ఇక కంగారు అక్కర్లేదు. అది ఆరదు.

కానీ మంట కూడా రాదు. మాడ్చినప్పుడే వాయువులన్నీ పోయాయి కాబట్టి మండడానికి దాంట్లో ఏమీ లేదు, రాజుకోవడమే దాని పని. మంట కావాలంటే ఇంకా మాడని సరుకు కావాలి. ఎండు కొబ్బరి పీచునో, గోనెసంచి నారనో విప్పి పిచ్చుక గూడులా అల్లి, మధ్యలో రాజుకున్న గుడ్డ పెట్టి, మడిచి, మెల్లగా ఊదాలి. జనపనారలో లిగ్నిన్ ఎక్కువ, మాడ్చితే నూలంత బాగా రవ్వని పట్టదు. గూడుకి మాత్రం దానికి సాటి లేదు. ఊదే కొద్దీ పొగ చిక్కబడుతుంది. ఆ పొగే వాయువు. ఒక్కసారిగా భగ్గుమని అంటుకుంటుంది. మాడిన దాని నుంచి రాజుకున్నది, రాజుకున్న దాని నుంచి మండేది. మూడు మాటలూ వరసలో వచ్చాయి.

చుట్ట కాల్చేవాడికి మూడో మెట్టు అవసరమే లేదు. చుట్టకి రాజుకున్న నిప్పు చాలు. ఉత్తరాంధ్రలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఉండేది. అంత తక్కువ గాలిలోనూ చుట్ట ఆరకపోవడం రాజుకోవడానికి ఉన్న ఓపిక. ఆ సెగ అంగిలి మీద పుండ్లకీ కాన్సర్‌కీ దారి తీస్తుందని వైద్యులు తేల్చారు. నివురు గప్పిన నిప్పు అన్న మాట కూడా ఈ ఓపిక గురించే. బూడిద గాలిని తగ్గించి, సెగని పోనివ్వకుండా పొయ్యిని తెల్లవార్లూ కాపాడుతుంది. అగ్గిపెట్టె లేని రోజుల్లో నిప్పుని రోజూ పుట్టించేవారు కాదు. నివురు కింద దాచుకునేవారు, లేదా పక్కింటి నుంచి పిడక మీద తెచ్చుకునేవారు. చెకుముకి దెబ్బ కొట్టాల్సి వచ్చేది అడవిలో, పొలంలో, దారిలో.

బెండు, నూగు, చెకుముకి

ఆ దారిలో ఎవరి చేతికి అందింది వాళ్ళు వాడారు. బెంగాల్ పల్లెల్లో షోలాని మాడ్చి వాడేవారు. పెళ్ళికొడుకు తల మీద టోపర్ చేసే తెల్లటి బెండు అదే, చెరువుల్లో పెరిగే మొక్క. మనం దాన్ని జీలుగు బెండు అంటాం. శ్రీకాకుళం, విశాఖ కొండల్లో కల్లు గీసే జీలుగు చెట్టు వేరే, అది తాటి కుటుంబం. దాని మట్టల మొదట్లో ఉండే మెత్తటి నూగు కూడా రవ్వని పట్టడానికి పనికొచ్చేది. పేరు ఒకటే, మొక్కలు రెండు, పని మళ్ళీ ఒకటే. రెండింటిలోనూ గాలితో నిండిన సన్నటి సెల్యులోజ్ గూళ్ళే ఉన్నాయి.

మాట కూడా ఇలాగే ఊళ్ళు దాటింది. టర్కీ భాషలో చక్మక్ అంటే నిప్పు కొట్టే సాధనం, ఇప్పటికీ అక్కడ లైటర్‌ని అలాగే పిలుస్తారు. హిందీలో చక్‌మక్, బెంగాలీలో చొక్‌మొకి, తెలుగులో చెకుముకి. ఖరగ్‌పూర్ వీధిలో అగ్గిపెట్టెని ఒకరు మాచిస్ అంటారు, ఒకరు దేశలాయి అంటారు. రాయి మాట వచ్చేసరికి మూడు భాషలూ ఒకే పేరు పలుకుతాయి.

డబ్బాకి పెద్ద బంధువులు

పాలిష్ డబ్బాలో జరిగింది చిన్న పని కాదు. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ రైలెక్కితే మూడు గంటలలోపే ఇదే డబ్బా పెద్ద ఆకారంలో ఎదురవుతుంది. ఉక్కు ఫ్యాక్టరీల కోక్ ఓవెన్లలో బొగ్గుని గాలి తగలకుండా మాడ్చి కోక్ చేస్తారు. అక్కడా వాయువులు పోతాయి, గట్టి కార్బన్ మిగులుతుంది. ఇనుప ఖనిజాన్ని కరిగించేది ఆ కోకే. మన మూత చిల్లు మీద నిలిచిన చిన్న మంటకి కూడా బంధువులున్నారు. బొగ్గుని మాడ్చగా వచ్చిన వాయువుతోనే కలకత్తా వీధుల్లో 1857లో గ్యాసు దీపాలు వెలిగాయి.

అన్నిటికన్నా దగ్గరి బంధువు థామస్ ఎడిసన్ బల్బు. 1879 అక్టోబరులో ఆయన ప్రయోగశాలలో 13 గంటలకు పైగా వెలిగిన దీపంలోని తీగ మాడ్చిన కుట్టుదారం. అదీ నూలే. గాలిలో ఒక్క రవ్వకి రాజుకునే సరుకు, గాలి తీసేసిన గాజు బుడ్డిలో తెల్లగా కాగినా కాలిపోకుండా నిలబడింది. తేడా అంతా ఆక్సిజన్‌దే. నా డబ్బా మూత తొందరపడి తీసినప్పుడు జరిగిందీ, ఎడిసన్ బుడ్డిలో జరగకుండా ఆగిందీ ఒకటే.

చేసే ముందు

ఆరుబయటే చేయండి. డబ్బాలోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. మూతకి చిల్లు లేకుండా నిప్పు మీద పెట్టకండి, డబ్బా పేలుతుంది. ఫాల్గుణం, చైత్రాల్లో మేదినీపూర్ సాలవనాల్లో రాలిన ఆకు గాజులా ఎండి ఉంటుంది, ఆ పక్కన ఈ ప్రయోగం వద్దు. కొట్టేటప్పుడు రాతి పెంకులు ఎగురుతాయి, కళ్ళజోడు పెట్టుకోండి. వాడాక గుడ్డ ఆరిపోయినట్టు కనిపించినా నీళ్ళలో ముంచి పారేయండి. పెయింటు పని చేసే ఇళ్ళలో ఇంకో మాట గుర్తుంచుకోండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలని ఉండ చుట్టి మూల పడేస్తే ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ వేడెక్కి, రవ్వ లేకుండానే అంటుకోగలదు. వాటిని విప్పి ఆరేయాలి.

తయారైన గుడ్డని మూత బిగుతుగా పడే డబ్బాలో దాచండి. ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఖరగ్‌పూర్ వానల్లో రెండు రోజులు బయట వదిలితే రవ్వని పట్టదు. పడేయనక్కర్లేదు, ఆరబెడితే మళ్ళీ పనిచేస్తుంది.

జనవిజ్ఞాన వేదిక తెలుగు పిల్లల కోసం నడిపే సైన్స్ పత్రిక పేరు చెకుముకి. ఏకలవ్య సంస్థ భోపాల్ నుంచి నడిపే హిందీ పిల్లల పత్రిక పేరు కూడా చక్‌మక్. పిల్లల చదువుకి ఇంతకన్నా మంచి పేరు దొరకదనే రెండు భాషల్లోనూ అదే పెట్టి ఉంటారు. కానీ ఆ పేరు చదివే పిల్లల్లో చెకుముకి దెబ్బ చూసినవాళ్ళు ఎంతమంది? సైన్స్ మాస్టార్లకి ఒక మనవి. ఈ చలికాలంలో ఒక మధ్యాహ్నం, ఒక బకెట్ నీళ్ళు పక్కన పెట్టుకుని, బడి ఆవరణలో ఒక పాలిష్ డబ్బా మాడ్చి చూపించండి. దహనం పాఠం నల్లబల్ల మీద నలభై నిమిషాలు పడుతుంది. గుడ్డ మీద ఎరుపు పాకడానికి అర నిమిషం చాలు.